ఏడు దారులు, ఒక్క చిరునవ్వు

"ఇక ఏ పౌరుడూ ఏ ఆఫీసు మెట్లూ ఎక్కనక్కర్లేదు!" అని బల్గేరియా రాజధాని సోఫియాలో సులభసేవల మంత్రి అస్పరూఖ్ గ్యుజేలెవ్ గారు టీవీలో ప్రకటించారు. ఏడు శాఖలు, ఒకే వెబ్‌సైటు, సోమవారం ప్రారంభం. ఎంత గొప్ప మనసు!

ఆ సైటు కట్టే జోర్నిత్సాకీ ఆ ముచ్చట టీవీలోనే తెలిసింది. ఏడు శాఖల్లో ఒక్కదానికీ పేజీ లేదు. ఉన్నదల్లా మంత్రిగారి ఫొటోతో స్వాగతం పేజీ.

వెంటనే నాన్న మెతోది నుంచి ఫోను. "తల్లీ, చలికాలం ఇల్లు వెచ్చబెట్టుకోడానికి ఇచ్చే హీటింగ్ సాయానికి ఇక అందులోనే అర్జీ పెట్టాలట. ఈ నెలాఖరే గడువు. పనిచేస్తుందిగా?"

"చూస్తా నాన్నా."

మంత్రిగారి దగ్గరికి పరిగెత్తింది. "సార్, బండ్లర్ ఒప్పుకోవట్లేదు."

"ఎవడు వాడు? ఏ పార్టీ?"

"మనిషి కాదు సార్. ముక్కలుగా రాసిన కోడ్‌నంతా ఒక్క మూట కట్టే ప్రోగ్రాం. హీటింగ్ ఫైలు ఎక్కడుందని వెతుకుతోంది. దొరక్క ఆగిపోతోంది."

"ఎక్కడో ఉందని చెప్పొచ్చుగా?"

"ఏ పేరు అడిగితే ఏ దారిన పోవాలో మనం రాసిపెట్టొచ్చు. కానీ అది ఫైలు చోటు మారినప్పుడు..."

"ఆగాగు. హీటింగ్ అడిగినవాణ్ణి ఇంకోచోటికి పంపొచ్చా?"

"పంపొచ్చు గానీ..."

"వాడికి తెలీదా?"

"తెలీదు సార్."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. "ముప్పై ఏళ్లుగా ఈ పని చేత్తో చేస్తున్నాం! ఏడింటినీ నా స్వాగతానికి తిప్పెయ్."

"సార్, మా నాన్న అర్జీ..."

"నీ పేరు అడిగితే నీ కుర్చీలో ఇంకొకర్ని చూపించేలా కూడా రాయొచ్చా అమ్మాయ్?"

జోర్నిత్సా ఏడు లైన్లు రాసింది. బండ్లర్ కిమ్మనకుండా మూట కట్టేసింది. ఎర్రర్లు సున్నా.

సోమవారం ఒక విదేశీ పరిశీలకుడు వచ్చి ఏడూ నొక్కి చూశాడు. ఏడుసార్లూ మంత్రిగారు నవ్వారు. "ఏ శాఖకెళ్లినా ఒకే మర్యాద!" అని మురిసిపోయి పతకం ఇచ్చి వెళ్లాడు.

నెలాఖరున నాన్న ఫోను. "నొక్కాను తల్లీ. నవ్వాడు. మళ్లీ నొక్కాను, మళ్లీ నవ్వాడు. అర్జీ అందినట్టేనా?"

"ఇంట్లో కోటు వేసుకునే ఉండు నాన్నా."

మంచు పడే వేళకి ప్రభుత్వం పడిపోయింది. కొత్త మంత్రిగారు టీవీలో గర్జించారు: "ఆ దొంగల సైటును పునాదులతో సహా పెకిలించి కొత్తది కడతాం!"

జోర్నిత్సా ఒక ఫొటో మార్చింది. పని అయ్యేసరికి కప్పులో కాఫీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

సాయంత్రం నాన్న ఫోను. పళ్లు టకటకలాడుతున్నాయి.

"బాగా మార్చారు తల్లీ. ఈయనకి మీసాలున్నాయి. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి నవ్వుతున్నాడు. అక్కడ చలి లేనట్టుంది."