నలభయ్యో జాబ్

భిలాయిలో ఇకమీదట వెంట్రుకలో పదోవంతు తప్పు కూడా జరగబోదని నరసింగరావుగారు సోమవారంనాడు పత్రికలవారి సమక్షంలో ప్రకటించారు. ఇంతవరకూ జరిగిన తప్పుల సంగతేమిటని ఒక విలేకరి అడిగితే, అవి వెంట్రుక కన్నా పెద్దవి కాబట్టి తన పరిధిలోకి రావని వినయంగా సమాధానమిచ్చారు.

నరసింగరావుగారు రాష్ట్ర అతిసూక్ష్మ నైపుణ్య మండలికి అధ్యక్షులు. మండలికి ఆఫీసు ఇంకా దొరకలేదు గానీ, హోదా మాత్రం సహాయమంత్రిది. రెండుసార్లు ఎన్నికల్లో ఓడి, మూడోసారి టిక్కెట్టు అడగనని మాటిచ్చినందుకు పార్టీ ఆయనకు చేసిన సన్మానం అది. భిలాయిలోని క్యాంప్ వన్ బస్తీలో పుట్టి పెరిగిన మనిషి కావడంతో అక్కడి తెలుగువాళ్లంతా ఆయన్ని మంత్రిగారనే పిలుస్తారు. ఆయన వద్దని ఎప్పుడూ అనలేదు.

కోహ్కా రోడ్డులోని నైపుణ్య కేంద్రంలో శుక్రవారం మధ్యాహ్నం కంప్యూటరుతో నడిచే సరికొత్త సీఎన్‌సీ మెషీన్‌ను తన అమృతహస్తాలతో ప్రారంభిస్తానని కూడా ఆయన సెలవిచ్చారు. వార్త విని ఊరంతా ఆనందించింది. మేఘన మాత్రం ఆనందించలేదు.

మేఘన ఆ కేంద్రంలో మెషినిస్ట్ అప్రెంటిస్. పంతొమ్మిదేళ్లు. అక్కడి పద్ధతి ప్రకారం రెండేళ్లలో నలభై జాబులు చెయ్యాలి. జాబ్ అంటే ఉద్యోగం కాదు, ఇచ్చిన బొమ్మ చూసి ఇనుముతో తయారుచేసే వస్తువు. ఒక్కో జాబూ కొలిచి, డైరెక్టరుగారు రికార్డు బుక్కులో సంతకం పెట్టాలి. నలభై సంతకాలూ ఉంటేనే ట్రేడ్ టెస్టుకు కూర్చోనిస్తారు. మేఘనకు ముప్పై తొమ్మిది అయ్యాయి. నలభయ్యోది ఒక ఉక్కు పిన్ను. సరిగ్గా ఇరవై మిల్లీమీటర్ల మందం ఉండాలి, మిల్లీమీటరులో నూరోవంతు కన్నా తేడా రాకూడదు. రికార్డు ఇవ్వడానికి ఆఖరి గడువు శుక్రవారం సాయంత్రం అయిదు. కొత్త మెషీన్ గౌరవార్థం గోడలకు రంగులు వేస్తున్నామని సోమవారం నుంచే వర్క్‌షాపుకు తాళం పడింది. ఈ ఏడు తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. సర్టిఫికెట్ తెస్తే చేర్చుకుంటామన్న వర్క్‌షాపువాళ్లు అంతకాలం ఆగరు.

మంగళవారం మెషీన్ వచ్చింది. అయిదు టన్నుల బరువని కాగితంలో ఉంది. ఇద్దరు కూలీలు దాన్ని లారీ మీంచి దింపి, మధ్యలో ఒకసారి ఆగి ఖైనీ పొగాకు నలుపుకుని, లోపలికి తెచ్చి పెట్టారు. పక్కనే నిలబడి చూస్తున్న భుజంగరావు మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన భిలాయి ఉక్కు ప్లాంటు మెషీన్ షాపులో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరైన మనిషి. ఇక్కడ అప్రెంటిస్‌లకు పని నేర్పుతున్నాడు.

"అయిదు టన్నులు ఇలాగ నడిసి వొచ్చీసిందేటి?" అంటూ వెళ్లి మెషీన్ తలుపు పక్కకు జరిపి చూశాడు.

లోపల ఒక తెల్లటి బల్బు ఉంది. ఇంకేమీ లేదు.

డైరెక్టరు మనోజ్‌కుమార్‌గారు కంగారుపడే మనిషి కాదు. "మాస్టారూ, టెండరు రెండు ఫేజులు. ఫేజ్ వన్‌లో బయటి భాగం. ఫేజ్ టూలో లోపలి భాగం. శుక్రవారం జరిగేది ఫేజ్ వన్ ఓపెనింగ్" అని ఓపిగ్గా వివరించారు.

"మరది తిరగాల కదండీ?"

"తిరగడం ఫేజ్ టూలో ఉంది."

అయినా డైరెక్టరుగారు దూరాలోచన గల అధికారి. పచ్చబటన్ నొక్కితే లోపల బల్బు వెలిగే ఏర్పాటు చేయించారు. చప్పుడు కోసం ఏదో విదేశీ మెషీన్ వీడియో నుంచి ధ్వని దింపి, వెనక స్పీకరు పెట్టించారు. అద్దంలోంచి లోపలి భాగం, అంటే లోపలి భాగం లేకపోవడం, కనబడకుండా సబ్బునీళ్లు పూయించారు. ఇక మిగిలింది కింది సొరుగులోంచి బయటికి వచ్చే వస్తువు ఒక్కటే. దానికోసం గురువారం పొద్దున్న మేఘనను పిలిపించారు.

"బేటా, నీ నలభయ్యో జాబ్ ఉంది కదా, ఆ పిన్ను చెయ్యి. వర్క్‌షాపు తాళం తీయిస్తాను. దాన్ని సొరుగులో పెడదాం. ఫంక్షన్ అవ్వగానే నీ రికార్డులో సంతకం పెట్టేస్తాను. పక్కా."

మేఘనకు ఆ క్షణంలో డైరెక్టరుగారు దేవుడిలా కనిపించారు.

వర్క్‌షాపులో ఉన్నది ప్లాంటువాళ్లు వద్దనుకుని వదిలించుకున్న పాత లేత్, ఇనుమును గిర్రున తిప్పుతూ చెక్కే యంత్రం. దాని చక్రం తిప్పితే పావుచుట్టు దాకా పనిముట్టు కదలదు, తర్వాత ఒక్కసారి ముందుకు దూకుతుంది. ఆ గుణం తెలిసినవాళ్లు భుజంగరావు మాస్టారు, మేఘన, ఇద్దరే. ఆమె పొద్దుటి నుంచీ దాన్ని బతిమాలుకుంటూ, కోప్పడుతూ, వెంట్రుకంత వెంట్రుకంత లోహం తీసింది. మందం కొలిచే మైక్రోమీటరు పెట్టబోతే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏడి మీద కొలవకమ్మా. సల్లారితే తగ్గిపోద్ది. ఆగు."

ఆగింది. చల్లారాక కొలిచింది. మైక్రోమీటరు చివరి పిడి మూడుసార్లు టిక్కుమంది. ఇరవై పాయింట్ సున్నా సున్నా. మాస్టారు మళ్లీ కొలిచి చూసి పిన్నును ఆమె చేతిలో పెట్టాడు. ఆయన తప్పు పట్టకపోతే అది మెచ్చుకోలని ఆమెకు తెలుసు. ఏ జాబైనా రెండు చేసి ఒకటి దగ్గర ఉంచుకోవాలని ఆయనే నేర్పాడు కనక, సాయంత్రం లోపల రెండోదీ చేసి ఏప్రాన్ జేబులో వేసుకుంది.

శుక్రవారం ప్రారంభోత్సవం దివ్యంగా జరిగింది. నరసింగరావుగారు రిబ్బను కత్తిరించి, కొబ్బరికాయ కొట్టి, పచ్చబటన్ నొక్కారు. బల్బు వెలిగింది. స్పీకరు గర్జించింది. నిమిషం తర్వాత డైరెక్టరుగారు సొరుగు లాగితే తళతళా మెరుస్తూ పిన్ను దర్శనమిచ్చింది. తెల్ల చేతితొడుగులు వేసుకున్న మేఘన దాన్ని కొలిచి, మైకులో "ట్వెంటీ పాయింట్ జీరో జీరో" అని చదివింది.

"సూసేరా?" అన్నారు నరసింగరావుగారు సభకేసి తిరిగి. "మనిషి సెయ్యి తగల్లేదు! మనిషి సెయ్యి తగిల్తే తప్పు వొస్తాది. ఇంక మన పిల్లలు సేతులు నలుపు సేసుకోనక్కర్లేదు. బటన్ దబావో, బస్!"

చప్పట్లు మోగాయి. ఆ పిన్నును పట్టుగుడ్డలో చుట్టి రాజధానిలో చూపించడానికి ఆయన కారులోకి పంపించారు. మేఘన తన గోళ్లలో ఇంకా మిగిలిన నల్లటి నూనెను చూసుకుని చేతితొడుగులు మళ్లీ పైకి లాక్కుంది. ఒళ్లు మండిన మాట నిజమే గానీ, సంతకం ఇంకా రావాలి.

నాలుగింటికి రికార్డు బుక్కు పట్టుకుని డైరెక్టరుగారి ముందు నిలబడింది. ఆయన తెరిచి, నలభయ్యో పేజీ చూసి, బాధగా మూసేశారు.

"ఎలా పెట్టను బేటా? ఆ పిన్ను చేసింది మెషీన్ కదా."

"సర్, నేను చేశాను. మీరే చెయ్యమన్నారు."

"అది నాకూ నీకూ తెలుసు. కానీ మనిషి చెయ్యి తగల్లేదని మంత్రిగారే మైకులో అన్నారు. నేను నీ పేరు మీద సంతకం పెడితే ఆయన మాట అబద్ధం అవ్వదా?"

మేఘన జేబులోంచి రెండో పిన్ను తీసి చూపించింది. "ఇంకొకటి ఉంది సర్. ఇది ఏ మెషీన్‌లోంచీ రాలేదు. కొలిచి చూడండి."

డైరెక్టరుగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "ముందు దాచెయ్ దాన్ని! చేత్తో కూడా ఇంత కచ్చితంగా వస్తుందని తెలిస్తే మెషీన్ ఎందుకని అడుగుతారు. వచ్చే ఏడు చూద్దాంలే."

సరిగ్గా అప్పుడే టీవీ రిపోర్టరు ఛాయ కెమెరామన్‌తో ఆయాసపడుతూ వచ్చింది. పవర్‌హౌస్ చౌరస్తా దగ్గర ట్రాఫిక్ జామ్‌లో ఇరుక్కుపోయిందట. కారు ఎక్కబోతున్న నరసింగరావుగారు కెమెరాను చూసి కాలు వెనక్కి తీసుకున్నారు.

"ఏటయ్యింది దీదీ, మళ్లీ సేసీద్దాం! రిబ్బన్ కట్టండర్రా!"

డైరెక్టరుగారి మొహం పాలిపోయింది. మొదటి పిన్ను కారులో పట్టుగుడ్డలో ఉంది, దాన్ని అడగడానికి వీల్లేదు. ఆయన గబుక్కున మేఘన వైపు తిరిగారు.

"ఆ రెండోది ఇటివ్వు. జల్దీ!"

"సంతకం పెట్టండి సర్."

"తర్వాత పెడతాను. నా మీద భరోసా లేదా?"

"నిన్న ఉండేది సర్."

డైరెక్టరుగారు కలం కోసం జేబు తడుముకున్నారు. ఇంతలో "మనోజ్‌కుమార్ ఎక్కడయ్యా?" అని కేక వినబడింది. కలం జేబులోనే ఉండిపోయింది. పిన్నూ జేబులోనే ఉండిపోయింది.

రెండో ప్రారంభోత్సవం మొదటిదాని కన్నా ఘనంగా జరిగింది. రిబ్బను తెగింది, బల్బు వెలిగింది, స్పీకరు గర్జించింది. సొరుగు బయటికి వచ్చింది. కెమెరా దగ్గరికి జరిగింది. నరసింగరావుగారు వంగి చూశారు. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశారు.

"ఏటిది? ఏటీ కనపళ్లేదు?"

ఇటువంటి సమయంలోనే మామూలు గుమాస్తాకీ, పైకొచ్చే అధికారికీ తేడా తెలుస్తుంది.

"అతిసూక్ష్మం కదా సర్" అన్నారు డైరెక్టరుగారు. "ఇందాకటిది కంటికి కనబడింది, అది వట్టి సూక్ష్మం. మీ మండలి స్థాయి ఇది."

నరసింగరావుగారు తల పంకించారు. తన మండలి పేరుకు అర్థం ఆయనకు ఆ రోజే తెలిసింది. "కొలువమ్మా!" అని మేఘనకు ఆజ్ఞ అయింది.

మేఘన ఒక్క క్షణం భుజంగరావు మాస్టారి వైపు చూసింది. ఆయన జనంలో వెనక నిలబడి, గట్టిగా నవ్వు ఆపుకుంటూ దగ్గుతున్నాడు. ఆమె మైక్రోమీటరు దవడలు మెత్తటి కాగితంతో తుడిచింది. సొరుగు మీద పెట్టి, మాస్టారు నేర్పినట్టే తొందరపడకుండా, దవడలు ఒకదానికొకటి ఆనేదాకా తిప్పింది. పిడి మూడుసార్లు టిక్కుమంది. ఉన్నది ఉన్నట్టు చదివింది.

"జీరో పాయింట్ జీరో జీరో."

"అంటే అచ్ఛా హై కి బురా హై?" అని ఛాయ మంచో చెడో తేలక అడిగింది.

నరసింగరావుగారు డైరెక్టరుకేసి చూశారు.

"సర్, దీనికన్నా తక్కువ ప్రపంచంలో ఎవ్వరూ తియ్యలేరు" అన్నారు మనోజ్‌కుమార్‌గారు.

చప్పట్లతో పైకప్పు రేకులు అదిరాయి. నరసింగరావుగారి కళ్లు చెమ్మగిల్లాయి. "ఈ పిల్ల ఎవుల్దయ్యా? క్యాంప్ వన్ పిల్లేనా? మన పిల్ల! ఏటమ్మా ఆ పుస్తకం? రికార్డా? అయితే అందులో రాయండి. నా ఎదురుగా రాయండి. కెమెరా ఇటు!"

డైరెక్టరుగారు కెమెరా ముందు కలం తీశారు. నలభయ్యో జాబ్. కొలత: 0.00. అభిప్రాయం: ఎక్సలెంట్. సంతకం అందంగా వచ్చింది.

అయిదుకు పది నిమిషాలు ఉండగా మేఘన మేడమెట్లు ఎక్కి పరీక్షల సెక్షన్‌కు చేరింది. అక్కడ భాగ్యరేఖ మేడమ్ ఇరవై ఏళ్లుగా ఒక్క పొరపాటూ లేకుండా పనిచేస్తున్నారు. సంతకాలన్నీ లెక్కపెట్టి, నలభై అన్నారు.

"ఆఖరు జాబ్ రికార్డుతోపాటు జమ చెయ్యాల. ఏదీ?"

మేఘన జేబులోంచి పిన్ను తీసి బల్ల మీద పెట్టింది. మేడమ్ తన దగ్గరున్న మైక్రోమీటరుతో కొలిచి, రికార్డు చూసి, పిన్ను వెనక్కి తోసేశారు.

"ఇది ఇరవై ఉన్నాది. రికార్డులో సున్నా అని రాసున్నాది. ఇది జమ చేస్తే నువ్వు ఫెయిల్ అయిపోతావమ్మా. అసలు జాబ్ ఏదీ?"

మేఘన గోడ గడియారం చూసింది. పిన్ను జేబులో వేసుకుంది. చూపుడువేలూ బొటనవేలూ దగ్గరికి చేర్చి, రెంటి మధ్యా ఏదో ఉన్నట్టు జాగ్రత్తగా పట్టుకుని, బల్ల మీద పెట్టింది.

భాగ్యరేఖ మేడమ్ వంగి చూశారు. దారం తీసి, నలభై నంబరు రాసిన బిళ్లను దానికి చిన్న ముడి వేసి కట్టారు. ఆ బిళ్లను బీరువాలో పెట్టి తాళం వేసి, తాళం లాగి చూసుకుని, రసీదు రాసి ఇచ్చారు.

కింద గేటు దగ్గర భుజంగరావు మాస్టారు కాచుకుని ఉన్నాడు. రసీదు అందుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, పైకే చదివాడు: "జాబ్ నెంబరు నలభై. కొలత సున్నా పాయింట్ సున్నా సున్నా. మంచి స్థితిలో అందినది."