వకుళమ్మ స్మారక వేదిక

వేణుగోపాలపురంలో మనిషి గొంతు ఎంతదూరం వినపడాలన్నది ఫ్లెక్సీ మీద ఆ మనిషి పేరు ఎంత పెద్ద అక్షరాల్లో పడిందో దాన్నిబట్టి ఉంటుంది. అడుగెత్తు అక్షరాలవాడు బస్టాండులో దగ్గితే రైతుబజారులో వినపడుతుంది. జానెడు అక్షరాలవాడు వీధి చివరిదాకా పిలవగలడు. ఏ ఫ్లెక్సీ ఎక్కనివాళ్ళకు కూడా రేషన్ కార్డులో పేరుంటుంది కాబట్టి, నాలుగు గోడల మధ్య మాట్లాడుకోవడానికి సరిపడా గొంతు ఉంటుంది. గడప దాటితే ఉండదు. అందుకని ఆ ఊళ్ళో ఆడవాళ్ళు చాలామంది కూరలబండిని చప్పట్లు కొట్టి ఆపుతారు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు శుభలేఖ వేడి తగ్గేదాకా గట్టిగా మాట్లాడేసుకుని తరవాత సర్దుకుపోతారు.

ఊరి రాములవారి పేరు మాత్రం ప్రతి ఫ్లెక్సీ మీదా తప్పకుండా ఉంటుంది. నెత్తిమీద, నడిమధ్యన, మిరియపు గింజంత అక్షరాల్లో. అందువల్ల ఆయన ఏమంటున్నాడో ఎవరికీ వినపడదు. అది ఆయన తప్పు కాదని భక్తులు ఒకరికొకరు చెప్పుకుంటారు.

ఈ పేర్లన్నీ పేర్చేది దొరబాబు. ఇంటి ముందుగదే అతని షాపు. పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టుకుని, కంప్యూటరుకి బొట్టు పెట్టి గానీ స్విచ్ వెయ్యడు. ప్రతి ఫ్లెక్సీ కింద మూలన అతని పేరూ, దాని పక్కన అంతకు రెట్టింపు సైజులో ఫోన్ నంబరూ ఉంటాయి. అందుకని దొరబాబు వీధిలో నిలబడి ఏం మాట్లాడినా సరిగ్గా వినపడదు గానీ, ఫోన్ నంబరు చెబితే మాత్రం ఖంగున వినపడుతుంది.

అతనికి తన పని మీద కొన్ని ఆలోచనలుండేవి. పాటలో ఊపిరి తీసుకునే చోటు ఎలాంటిదో బొమ్మలో ఖాళీ అలాంటిదని అతని నమ్మకం. ఆ మాట అతను పుస్తకంలో చదివింది కాదు. తల్లి పోయాక అతన్ని పెంచింది అక్క వకుళమ్మ. తమ్ముడు చేతికందాక చూద్దామని పెళ్ళి వాయిదా వేసి, ఆ వాయిదాలోనే ఉండిపోయింది. ఆవిడ సాధన చేసుకుంటుంటే పక్కన కూర్చుని పలక మీద బొమ్మలు గీసుకుంటూ పెరిగాడు దొరబాబు. ఎక్కడ ఆగాలో ఆవిడ పాట విని నేర్చుకున్నాడు.

ఏటా వైశాఖంలో రామాలయం ముందు పందిరి వేసి వేసవి సంగీతోత్సవాలు చేస్తారు. ఎండ చల్లబడ్డాక మొదలు. పానకం, తడిపిన వట్టివేళ్ళ తడికలు, కూలర్లు. పందిరి పుట్టిన మొదటి వేసవి నుంచీ తొలిరోజు తొలిపాట వకుళమ్మదే. దొరబాబు మొదటిసారి చేసిన ఫ్లెక్సీ తెల్లగా ఉండేది. ఒక వారగా మల్లెదండ, పాడేవాళ్ళ పేర్లు, అంతే. ఆ ఏడు వకుళమ్మ పాట కాలవ అవతలి కొబ్బరితోటల్లో కూడా విన్నారు. తరవాత్తరవాత దాతలు వచ్చారు, దాతల బంధువులు వచ్చారు. ప్రతి వేసవికీ ఆవిడ అక్షరాలు కాస్త కాస్త కుంచించుకుపోయాయి. కూలర్ల కంపెనీ పేరు మాత్రం పెద్దది పడేసరికి కూలర్లు పాట మీద రంకెలు వేసేవి. పోయినేడు ఆవిడ పాడిన పాట మొదటి వరసలో కూర్చున్నవాళ్ళకే అందింది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఒక మనిషికి రెండుచోట్ల గొంతు ఉండకూడదని, ఫ్లెక్సీ ఎక్కిన కళాకారులకు రేషన్ కార్డు గొంతు ఆఫీసులోనే రద్దు చేసేస్తారు. అంటే ఫ్లెక్సీ మీంచి పేరు దిగిపోతే ఇక ఎక్కడా గొంతు ఉండదు. ఘటం భీమశంకరంగారి పేరు రెండేళ్ళ కిందట దిగిపోయింది. ఆయన ఇప్పుడు పాలు కావాలంటే గిన్నె చూపిస్తాడు, మనవరాలు ముద్దొస్తే బుగ్గ గిల్లుతాడు. ఊళ్ళో ఎవరూ దాన్నొక వింతగా చెప్పుకోలేదు.

ఈ ఏడు ఫ్లెక్సీ ఏకాదశి నాటి సాయంత్రం అయిదింటికల్లా ప్రింటుకి వెళ్ళాలి. మధ్యాహ్నం భోజనాలవేళ సభ ఛైర్మన్ బుల్లబ్బాయిగారు షాపులోకి వచ్చి దొరబాబు భుజం వెనక కుర్చీ వేసుకున్నాడు. ఆయనకు రైసుమిల్లు ఉంది. పేరు రెండడుగుల అక్షరాల్లో పడుతుంది కాబట్టి గుసగుసలాడినా బల్ల మీద గాజుగ్లాసులు అదిరేవి.

"ఏవయ్యా దొరబాబూ, ఇక్కడింత ఖాళీ వదిలేశావేంటి?"

"అది ఆకాశమండీ. వేసవి సాయంత్రం కదా, కాస్త ఊపిరాడినట్టుంటదని..."

"ఆకాశం మనకేవన్నా చందా రాసిందా? అక్కడ మా తోడల్లుణ్ణి పెట్టు."

ఆకాశం పోయింది. తోడల్లుడు వచ్చాడు. మల్లెదండ ఉన్నచోట కూలర్ల కంపెనీ, మామిడాకులున్నచోట ఛైర్మన్‌గారి బావగారూ కుదురుకున్నారు. ఛైర్మన్ వేలు మెల్లగా కిందికి జారి ఒకచోట ఆగింది.

"ఈ వకుళమ్మగారు పోయినేడు పాడారా?"

"పాడారండి. మా అక్కండి."

"మీ అక్కని తెలుసయ్యా. పాడితే నాకు వినపడలేదే?"

"పేరు చిన్నదైపోయిందండి. అందుకని..."

"వినపడని మనిషికి పేరెందుకు చెప్పు? తీసెయ్."

"పోనీ ఇంకాస్త చిన్నది చేసి ఏ మూలనన్నా ఉంచుతానండి."

"మిరియపు గింజంత అక్షరం రాములవారికి తప్ప ఇంకోళ్ళకి వాడకూడదు. రూలు. నాకు మాత్రం బాధ కాదేంటి? సభ నడవాలిగా." ఆయన లేచి, మీసం తుడుచుకుని, అయిదింటికి ఫోన్ చేస్తానని వెళ్ళిపోయాడు. ఆయన వీధి మలుపు తిరిగాక కూడా డ్రైవరుతో అంటున్న మాటలు షాపులోకి వినపడుతూనే ఉన్నాయి.

ఆయన అలా వెళ్ళాడో లేదో వకుళమ్మ వచ్చింది. తల మీద తడిగుడ్డ, చేతిలో గొడుగు. ఆవిడ మాట వినాలంటే దొరబాబు చెవి దగ్గరగా పెట్టాలి. పెట్టాడు.

"ఉంచారా?" అంది.

అతను తెర వైపు చూపించాడు. ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుని పైనుంచి కిందిదాకా చదివింది. చదివాక ఛైర్మన్ బావగారి ఫోటో వంక కాసేపు చూసింది.

"ఆయన బాగా పడ్డాడు," అంది. తరవాత అడిగింది: "ఒరే దొరా, పొద్దున్నే దేవుడి గూటి ముందు మేలుకొలుపు పాడుకుంటాను. అది ఎవరి కోసమూ కాదు. అది కూడా పోతుందంటావా?"

"పోతుందక్కా."

"ఎప్పటినుంచి?"

"కొత్త ఫ్లెక్సీ కట్టగానే. రేపు తెల్లారేసరికి."

ఆవిడ గొడుగు మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. పాడుకుంటోందో లెక్క చూసుకుంటోందో తెలియలేదు. దొరబాబు ఛైర్మన్ బావగారిని ఒక వేలెడు పక్కకి జరిపి చూశాడు. తోడల్లుణ్ణి కిందికి దించి చూశాడు. ఎంత జరిపినా ఒకరి మోచెయ్యి ఇంకొకరికి తగులుతూనే ఉంది. కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్యి కుయ్యిమని మొత్తుకోవడం మొదలెట్టింది.

అప్పుడు పక్కవీధిలోంచి పెద్ద అరుపు వినపడింది: "ఆ తాళాలు చిన్నాడి చేతికివ్వకండి! వాడు కొట్టు ముంచేస్తాడు!"

అది పప్పులకొట్టు సూరన్న గొంతు. సూరన్న పోయి వారమైంది. కొడుకులు సెంటర్లో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ నిలువెత్తున కట్టించారు. పేరు మూడడుగులు. బతికున్నన్నాళ్ళూ కొట్లో పొట్లాలు కడుతూ నోరెత్తని మనిషి, పెదకర్మ దాకా ఊరినలా అదరగొడుతూనే ఉంటాడు. ఆ వీధివాళ్ళు చెవుల్లో దూది పెట్టుకుని సహకరిస్తున్నారు.

లోపలి గడప అవతల నిలబడి దొరబాబు భార్య తాయారు అంది: "చచ్చిపోయినాయనకున్న పాటి నోరు వదినగారికి లేకపోయె."

దొరబాబు ఫోన్ తీసి ఛైర్మన్‌కి కలిపాడు. స్మారక వేదిక అని పెడితే ఎలా ఉంటుందండీ, అని అడిగాడు.

"ఎవరి స్మారకం?"

"వకుళమ్మగారి స్మారకం."

"అరెరె! ఎప్పుడు పోయారయ్యా? ఒక్క మాటన్నా చెప్పలేదేం?"

"ఇంకా పోలేదండి. ఇక్కడే కూర్చున్నారు."

"కూర్చుంటే కూర్చున్నారు. స్మారక వేదికంటే సభకి పరువు. పక్కూరోళ్ళకి ఉంది, మనకే లేదు. పైన అడ్డంగా ఈ చివర్నించి ఆ చివరికి వేసెయ్. మా తోడల్లుడు కూడా ఏవనడు. పోయినోళ్ళతో పోటీ ఎవడికుంటది?"

అలా చోటు దొరికింది. అందరినీ రవ్వంత కిందికి జరిపితే నిలువునా అడుగున్నర వచ్చింది. దొరబాబు వేళ్ళు కీబోర్డు మీద ఉంచాడు. అక్కడే ఉండిపోయాయి. తనకి అన్నం కలిపి పెట్టిన చేతులు ఎదురుగా ఉంటే, ఆవిడ పేరు ముందు కీర్తిశేషులు అని తన చేత్తో కొట్టాలి. లోపల తాయారు కొంగు నోట్లో కుక్కుకుంది. యూపీఎస్ మొత్తుకుంటూనే ఉంది. అది ఆగిపోతే కంప్యూటరు ఆగిపోతుంది, అయిదు దాటిపోతుంది.

"కొట్టరా," అంది వకుళమ్మ. "మనం ఎందుకు చేస్తున్నామో దేవుడికి తెలుసు."

"ఆయనకి తెలుస్తుందక్కా. ఆయన వద్దంటే మనకి వినపడదు గదా."

ఆవిడ గోడ మీది క్యాలెండరు వంక చూసింది. "తేదీ కూడా వెయ్యాలి కదూ?" అంది.

"వెయ్యాలి. అది లేకపోతే ఆఫీసువాళ్ళు ఒప్పుకోరు."

"అయితే ఈవేళ వేసెయ్. ఏకాదశి. అంత మంచిరోజు మళ్ళీ దొరుకుతుందో లేదో."

అతను కళ్ళు మూసుకుని రామా అనుకుని కొట్టాడు. అక్షరాలు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. ఎంత వద్దనుకున్నా వాటి మధ్య ఎడం సరిచూశాడు. ఫైలు ప్రింటుకి వెళ్ళింది, యూపీఎస్ ఆగిపోయింది.

తెల్లవారుజామున నిచ్చెన వేసి రామాలయం ముందు ఫ్లెక్సీ కట్టారు. కట్టేవాడు చివరి ముడి బిగిస్తుండగా తూర్పువీధిలోంచి మేలుకొలుపు లేచింది. కొబ్బరిచెట్ల మీంచి, మిల్లు గొట్టం మీంచి, కాలవ దాటి వెళ్ళింది. నిచ్చెన కింద దొరబాబు చేతులు జోడించి నిలబడ్డాడు. ఇళ్ళలోంచి జనం బయటికొచ్చి, ఫ్లెక్సీ చదివి, అయ్యో అనుకున్నారు. పూజారిగారు వచ్చి, పాట చాలా బాగుందనీ, మైల కాబట్టి అక్కాతమ్ముళ్ళిద్దరూ పదిరోజులు గుడి మెట్లెక్కకూడదనీ దొరబాబుతో చెప్పాడు. వకుళమ్మ ఆ సంగతి విని సబబే అంది. తన మైల తనకే పట్టింది.

ఉత్సవాల మొదటిరోజు ఆవిడ వేదిక దగ్గరికి వెళ్ళింది. పందిరి గుడికి బయటే కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. వేదిక మీద ఆవిడ కుర్చీలో ఫోటో పెట్టి దండ వేశారు. పోయినవాళ్ళని వేదిక ఎక్కనిచ్చే పద్ధతి లేదని కార్యకర్తలు మర్యాదగానే చెప్పి, తెర వెనక పీట వేశారు. ఆవిడ అక్కడ కూర్చుని పాడింది. కూలర్లు తిరుగుతున్నాయో లేదో ఎవరికీ తెలియలేదు. పాట మధ్యలో ఛైర్మన్‌గారు లేచి వకుళమ్మగారి ఆత్మశాంతికి రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నారు. ఆవిణ్ణి కూడా ఆపమన్నారు. ఆవిడ ఆపింది. తరవాత ఆపినచోటి నుంచే ఎత్తుకుంది. ముందువరసలో పెద్దాయనొకరు కళ్ళు తుడుచుకుంటూ, "ఇంత గొప్ప గొంతు! ఉన్నన్నాళ్ళూ మనమే పట్టించుకోలేదు," అన్నాడు. పక్కనున్నవాళ్ళు తలలూపారు. శాలువా ఫోటోకి కప్పారు.

పెన్షన్ ఆగిపోయింది. రేషన్ కార్డులో పేరు కొట్టేశారు. అయినా వకుళమ్మ కిటికీలోంచి పిలిస్తే గ్యాసువాడు సైకిలు తిప్పుకుని వస్తున్నాడు. సంగీతం నేర్చుకుంటామని పిల్లలు బారులు తీరారు. "బతికున్నప్పుడు ఇంత సుఖం లేదురా," అంది తమ్ముడితో. ఆ మాట ఊరంతా విన్నది. విని, కొందరు ఆలోచనలో పడ్డారు.

మర్నాడు భీమశంకరంగారు ఘటం పక్కన కూర్చుని దిగిన ఫోటో తెచ్చి బల్ల మీద పెట్టి, వేలితో పైకి చూపించి నమస్కారం చేశాడు. ఆయన వెనక వయొలిన్ మేష్టారు. ఆ వెనక ఇంకా పాతికేళ్ళు నిండని వేణువు అబ్బాయి, వాళ్ళ నాన్నగారిని వెంటబెట్టుకుని. దొరబాబు అందరికీ రంగులు చూపించాడు. ముదురు ఆకుపచ్చ ఎక్కువమందికి నచ్చింది.

వాళ్ళంతా వెళ్ళాక తాయారు లోపలి గడప అవతల వచ్చి నిలబడింది. చెయ్యి మాత్రం ఇటు చాపింది. చేతిలో ఫోటో. పెళ్ళినాటి పట్టుచీర, నిండుగా బొట్టు.

"ఏవండీ, నాకు మూడడుగులూ గట్రా వద్దు. జానెడు చాలు. సందు చివర పాలబండి ఆగితే చాలు."

దొరబాబు ఫోటో అందుకున్నాడు.

"పసుపుకుంకాలతో పోయిందని వెయ్యండి," అంది తాయారు. "నలుగురూ అదృష్టవంతురాలనుకుంటారు. మీకూ మాట రాదు."

అతను భార్య మొహంలోకి చూశాడు. ఆవిడ వేళాకోళమాడటం లేదు. కూర ఏం వండమంటారని అడిగేటప్పుడు ఎలా నిలబడుతుందో అలాగే నిలబడి ఉంది. అతను కుర్చీ ముందుకు లాక్కుని కొత్త ఫైలు తెరిచాడు. పసుపురంగు వేశాడు. ఫోటో మధ్యలో పెట్టి, కాస్త ఎడమకి జరిపాడు.

"ఏ రోజు వెయ్యమంటావు?"

"మీ వీలు చూసుకుని వెయ్యండి. ఆదివారం మాత్రం వద్దు. మీ మేనత్తగారూ వాళ్ళూ భోజనానికొస్తున్నారు, నేను వంట చెయ్యాలి."