వాగుగట్టు జట్టు ఓపిక పట్టిన వైనం

ఒక పెద్ద అడవిలో పులి కూడా ఉండేది గానీ ఈ కథలో దానికి పనిలేదు. ఇక్కడ జరిగిన నష్టానికి కోరలున్నవాళ్లు ఎవరూ అవసరపడలేదు.

ఆ అడవిలో అందరికీ ఒకటే ఆట పిచ్చి. మద్దిచెట్టు కొమ్మకి తీగలతో అల్లిన బుట్ట వేలాడుతుంది. అందులో వెలగకాయ వేయాలి. ఎక్కువ కాయలు వేసినవాళ్లు గెలిచినట్టు. గుట్ట మీదివాళ్లది ఒక జట్టు, వెదురుపొదలవాళ్లది ఒకటి, తుప్పలవాళ్లది ఒకటి, వాగుగట్టువాళ్లది ఒకటి.

పిచ్చికి కారణం లేకపోలేదు. ఎండాకాలం వాగు ఎండిపోతే అడవి మొత్తానికి మిగిలేది ఒక్క మడుగు. ఆటలో మొదట వచ్చిన జట్టు తాలూకు జంతువులన్నీ అందులో మొదట తాగుతాయి. తర్వాత రెండోవాళ్లు, ఆ తర్వాత మూడోవాళ్లు. ఆఖరివాళ్ల వంతు వచ్చేసరికి అక్కడ మిగిలేది నీళ్లు కాదు, ఇక్కడ నీళ్లుండేవన్న గుర్తు.

వాళ్ల మీద జాలిపడి పెద్దలు ఇంకో రూలు పెట్టారు. వానలు పడ్డాక ఈడొచ్చిన పిల్లలందరినీ పెద్దబండ మీద నిలబెడతారు. ఆఖరున వచ్చిన జట్టు ముందుగా తనకు నచ్చిన పిల్లని ఏరుకోవచ్చు. కొమ్మో కోరో దంతమో, ఎవరికి మొలవాల్సింది వాళ్లకి మొలిచేదాకా ఆ పిల్ల ఆ జట్టుకే ఆడాలి. మొలిచాక ఎవరి దారి వాళ్లది. జాలితో పెట్టిన రూలు కదా, దాని మీద ఎవరో కాపురం పెట్టేస్తారని పెద్దలకి తోచలేదు.

వాగుగట్టు జట్టు ఏటా రెండోదో మూడోదో వచ్చేది. కెప్టెను మంగతాయి అనే కొండముచ్చు. నోరూ చెయ్యీ రెండూ దురుసే. మోకాళ్లు నొప్పులు పుడుతున్నా, గట్టు పిల్లల చేత ఒక్క ఎండాకాలమైనా తేటనీళ్లు తాగించి మరీ ఆట మానేస్తానని పంతం పట్టి ఉంది. జట్టుకి ప్రెసిడెంటు గుబురప్ప అనే ఎలుగుబంటి. ఆయనకి ఆట గురించి ఏమీ తెలియదు. తెలియదని కూడా తెలియదు కాబట్టి చాలాకాలంగా ప్రెసిడెంటుగా ఉన్నాడు.

ఒక ఏడు గుబురప్ప సలహాదారుగా ధ్యానయ్య అనే కొంగని పెట్టుకున్నాడు. ధ్యానయ్య ఎప్పుడూ ఒంటికాలి మీద నిలబడి కళ్లు సగం మూసుకుని మాట్లాడేవాడు. అలా మాట్లాడితే ఏం చెప్పినా లోతైన మాటలాగే వినపడుతుంది.

గట్టు వాళ్లందరినీ సమావేశపరిచి, ముక్కుతో బురదలో గీతలు గీసి ధ్యానయ్య వివరించాడు. మూడో స్థానం అన్నిటికంటే చెడ్డదట. తేటనీళ్లూ దక్కవు, మంచి పిల్లా దక్కదు. అందుకని కొన్నేళ్లు వరసగా ఆఖరున రావాలి. ప్రతి ఏడూ మేలైన పిల్లని ఏరుకోవాలి. పిల్లలంతా ఎదిగాక ఇక ఎప్పటికీ మొదటి వంతు మనదే. దీన్ని పునర్నిర్మాణం అంటారని చెప్పాడు. మాట పొడుగ్గా ఉండటంతో గుబురప్ప చప్పట్లు కొట్టాడు.

చుక్కమ్మ అనే దుప్పి మాత్రం లేచి నిలబడింది. పక్కన దాని కూన కాళ్లకి అడ్డం పడుతోంది.

"అయితే అందాకా మా పిల్లలు బురద తాగాలా, ధ్యానయ్యగారూ?"

"బురద అనకు తల్లీ," అన్నాడు ధ్యానయ్య మెల్లగా. "పునాది అను."

అనుకున్నంత తేలిక కాదు ఆఖరున రావడం. తుప్పల జట్టు నిండా తాబేళ్లూ ముళ్లపందులూను. వాళ్లు ఏ పథకం లేకుండానే, మనస్ఫూర్తిగా, ఏటా ఆఖరున వచ్చేవాళ్లు. కాయని ముళ్లకి గుచ్చుకుని బుట్ట కింద నిలబడి ఒళ్లు విదిలించడం ముళ్లపంది పద్ధతి. కాయ ఎప్పుడైనా పైకెగిరితే అది దాని అదృష్టం. అలాంటివాళ్ల చేతిలో ఓడిపోవాలంటే ఎంత సాధన కావాలి?

ఆ మ్యాచి చూసినవాళ్లు చాలాకాలం చెప్పుకున్నారు. వాగుగట్టువాళ్లు కాయ దొరికితే పారేసుకుంటారు. తుప్పలవాళ్లు దొరికిన కాయని మోయలేరు. పొద్దు వాలుతున్నా బుట్ట ఖాళీయే. మంగతాయి కాయ పట్టుకుని ఎదురుగా వస్తున్న తాబేలు కోసం నిలబడింది. అది వచ్చి లాక్కోవాలని ధ్యానయ్య ఆజ్ఞ. తాబేలు వస్తోంది. ఇంకా వస్తోంది. మధ్యలో ఆగి కాస్త గడ్డి కూడా తింది.

మంగతాయి ఇక ఉండబట్టలేక కాయని బుట్టలో పడేసింది.

గట్టు జనం ఎగిరి గంతులేశారు. ధ్యానయ్య రెండో కాలు కూడా కింద పెట్టాడు. ఆయనకి అంతకంటే కోపం రాదు. మంగతాయిని పక్కన కూర్చోమని, అడవిపంది చెవిలో ఏదో చెప్పాడు. అడవిపంది వెళ్లి బుట్ట కింద బుద్ధిగా వంగి నిలబడ్డాడు. ముళ్లపంది అతని వీపెక్కి కాయలు వేసుకుంది. వాగుగట్టు ఓడిపోయింది. ఆ మ్యాచిలో గట్టు కోసం నిజంగా బాధపడిన ఆటగాడు ఎవరయ్యా అంటే ఆ అడవిపందే. వీపంతా ముళ్లే.

మర్నాడు మంగతాయి గుబురప్ప దగ్గరికెళ్లి కడిగేసింది. బుట్ట కనపడితే నా చెయ్యి ఊరుకోదు, ఓడిపోవడానికి నేనెందుకు, ఆ పని చెయ్యడానికి మీరు చాలరా అంది. గుబురప్ప నొచ్చుకుని ధ్యానయ్యని పిలిచాడు. ధ్యానయ్య మంగతాయిని గుట్ట జట్టుకి ఇచ్చేశాడు. బదులుగా ఒక మనుబోతు దూడని రాయించుకున్నాడు.

"దూడ ఏదీ?" అని అడిగాడు గుబురప్ప.

"ఇంకా పుట్టలేదు."

"తల్లి కడుపుతో ఉందా?"

"తల్లికి ఇంకా జత కుదరలేదు. అంత లేత ప్రతిభ మనకి తప్ప ఇంకెవరికీ దొరకలేదు ప్రెసిడెంటుగారూ."

గుబురప్పకి ఒళ్లు పులకరించింది.

వానలు పడ్డాక బండ మీద మొదటి ఎంపిక వాగుగట్టుదే. బుచ్చన్న అనే ఏనుగు గున్నని ఏరుకున్నారు. నిజం చెప్పుకోవాలి, వాడు మాణిక్యం. తొండం ఎత్తితే బుట్ట అందుతుంది. మొదటి రోజునే కాయ తీసుకెళ్లి ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టాడు. పెట్టి, మెచ్చుకుంటారని వెనక్కి తిరిగి చూశాడు.

అందరూ ధ్యానయ్య వైపు చూశారు. అడవిపంది వీపు తడుముకున్నాడు. ధ్యానయ్య వచ్చి, తొందర వద్దు బాబూ, నీ కాలం ముందుంది అన్నాడు. ఆ తర్వాత ఒకసారి కాయ జారి చెట్టు మొదట్లో పడింది. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకుని వాడి చెవులు నిమిరారు. పిల్లవాడు తెలివైనవాడు. ఏం చేస్తే పెద్దవాళ్లు సంతోషిస్తారో పట్టేశాడు. అప్పట్నించి బుట్టకి బెత్తెడు పక్కన కాయ పడేయడంలో వాడిని మించినవాడు అడవిలో లేడు.

మరుసటి ఏడు కూడా ఆఖరు. ఈసారి పొడవు చూసి కొండచిలువ పిల్లని ఏరుకున్నారు. పొడవే ప్రతిభ అన్నాడు ధ్యానయ్య. అది మొదటి మ్యాచిలో వెలగకాయని మింగి పడుకుంది. లేపడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆ తర్వాత ఏడు నెమలి గుడ్డు ఒకటి తెచ్చారు. దాన్ని మెత్తటి గడ్డిలో పెట్టి జట్టుతో పాటు కూర్చోబెట్టేవాళ్లు. జట్టు మొత్తంలో తప్పు చేయని ఆటగాడు ఆ గుడ్డే.

ఎండాకాలాలు వచ్చిపోతున్నాయి. గట్టు పిల్లలు ప్రతిసారీ అందరూ తొక్కి పోయిన మడుగులోకి ఆఖరున దిగి, మూతులు ముంచి, దగ్గుకుంటూ బయటికి వస్తున్నారు. చుక్కమ్మ కూన ఎదగాల్సినంత ఎదగలేదు. దాని పక్కటెముకలు దూరం నుంచే కనపడేవి.

ఒకరోజు చుక్కమ్మ మడుగు ఒడ్డున ఒక వింత చూసింది. తేటనీళ్లలో చేపలు లోతుకి పోయి దాక్కుంటాయి. బురదనీళ్లలో ఊపిరాడక పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఆ ఆఖరి వంతులో ధ్యానయ్య ఒంటికాలి మీద నిలబడి, ఒక్కొక్కదాన్నీ తీరుబడిగా మింగుతున్నాడు. మునుపు పుల్లలా ఉండే మెడ ఇప్పుడు మొద్దులా ఉంది.

"మా పిల్లలు చిక్కిపోతున్నారు, తమరు మాత్రం బాగా పునర్నిర్మాణం అయినట్టున్నారే," అంది.

ధ్యానయ్య నోట్లోది మింగి, గుటక పడేదాకా ఆగి, బాధ్యతలు పెరిగితే ఒళ్లు ఉబ్బుతుందని చెప్పాడు.

చుక్కమ్మ ఈ సంగతి గట్టంతా చెప్పింది. జనం గుబురప్ప మీదికి వెళ్లారు. గుబురప్పకి జనం అంటే భయం, ధ్యానయ్య అంటే గౌరవం. అందుకని ఈ ఏడే గెలిచే ఏడని తన తరఫునా ధ్యానయ్య తరఫునా ఆయనే ప్రకటించేశాడు. పిల్లలు ఎదిగారు, ఇంతకాలం పట్టిన ఓపికకి ఇక ఫలం చేతికొస్తుంది అన్నాడు. జనం నమ్మారు. పాపం, అన్నేళ్లు బురద తాగాక నమ్మకపోతే తాగిందంతా దండగైపోదూ?

మొదటి మ్యాచి రోజు పొద్దున్నే బుచ్చన్న గుబురప్ప దగ్గరికి వచ్చి వినయంగా నిలబడ్డాడు. ఇప్పుడు వాడు గున్న కాదు, కొండలా ఉన్నాడు. నోటికి అటూ ఇటూ తెల్లగా, ముచ్చటగా దంతాలు మెరుస్తున్నాయి.

"వెళ్లొస్తాను తాతా."

"ఎక్కడికిరా?"

"గుట్ట జట్టుకి. దంతాలు వచ్చేశాయి కదా."

గుబురప్ప ధ్యానయ్య వైపు చూశాడు. ధ్యానయ్య ఆకాశం వైపు చూశాడు. అన్ని లెక్కలూ వేసిన ధ్యానయ్యకి ఆ ఒక్క సంగతీ తట్టలేదు. కొంగకి పళ్లే ఉండవు. మొలిచే వస్తువు గురించి దానికెలా గుర్తుంటుంది?

నీకేం తక్కువ చేశామని గుబురప్ప దిగులుగా అడిగాడు. బుచ్చన్న తొండంతో నేల గీశాడు. వాడికి ఎవరినీ నొప్పించడం ఇష్టం లేదు.

"మంగత్త అక్కడ పిల్లలకి ఆట నేర్పుతోందట. అక్కడ కాయ బుట్టలో పడితే సంతోషిస్తారట. నిజమేనా తాతా?"

గుబురప్ప మళ్లీ ధ్యానయ్య వైపు చూశాడు. బుచ్చన్న వెళ్లిపోయాడు.

వాగుగట్టువాళ్లు ఆ ఏడు ప్రాణం పెట్టి ఆడారు. అడవిపంది పరిగెత్తలేక పరిగెత్తాడు. కొండచిలువని ఈడ్చుకొచ్చి చెట్టుకి చుట్టారు. కానీ చేతులకి పాత అలవాటు పోలేదు. గురి చూసి విసిరిన ప్రతి కాయా బుట్టకి బెత్తెడు పక్కన పడింది. తుప్పలవాళ్లు ఎవరి వీపూ ఎక్కకుండానే వాళ్లని ఓడించారు. తాబేళ్లు ఆనందం పట్టలేక ఊరేగింపు తీశాయి. అది ఎండాకాలం దాకా సాగింది.

గుట్ట జట్టు మొదట వచ్చింది. బుచ్చన్నకి పాత అలవాటు మాన్పించడానికి మంగతాయి కాయ పక్కన పడ్డప్పుడల్లా తిట్టి, బుట్టలో పడ్డప్పుడల్లా ఈలలు వేసిందట. మోకాళ్ల నొప్పితోనే కుంటుకుంటూ మడుగు ఒడ్డుకి వచ్చి, తేటనీళ్లు తాగే గుట్ట పిల్లల్ని చూస్తూ నిలబడింది. చూస్తున్నది గుట్ట పిల్లల్నే గానీ, చూపు పదేపదే గట్టు వైపు పోతోంది.

అటు నుంచి చుక్కమ్మ వస్తోంది, బక్క కూనని ముందు పెట్టుకుని. తాగడానికి కాదు, అడగడానికి. మీ గుట్ట మీద కాస్త చోటుందా మంగతాయీ అంది. మంగతాయి పక్కకి జరిగి, ఆ కూనని మెడ పట్టుకుని నీళ్ల దగ్గరికి తోసింది. అది మూతి ముంచి, దగ్గు వస్తుందేమోనని ఒక్క క్షణం ఆగింది. దగ్గు రాలేదు. మళ్లీ ముంచింది.

చుక్కమ్మ వెనకే కుందేళ్లు వచ్చాయి. కుందేళ్ల వెనక అడవిపంది, వీపు చూపించుకుంటూ. వారం తిరక్కుండా గట్టు ఖాళీ.

ఆ తర్వాత జరిగిన జట్టు సమావేశానికి గుబురప్ప, ధ్యానయ్య, నిద్రపోతున్న కొండచిలువ హాజరయ్యారు. గుడ్డు రాలేదు. కొండచిలువ పొట్ట మధ్యలో చిన్న ఉబ్బు కనపడింది గానీ ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ధ్యానయ్య బురదలో కొత్త గీతలు గీశాడు. పరిస్థితి ఇంత అనుకూలంగా ఎన్నడూ లేదన్నాడు. తొందరపెట్టేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు కదా.

"మరి ఆడేదెవరు?" అన్నాడు గుబురప్ప.

"మన మనుబోతు దూడ వస్తుంది."

"పుట్టిందా?"

"వాళ్లమ్మకి సంబంధాలు చూస్తున్నారు."

గుబురప్ప తృప్తిగా తల ఊపాడు.

నీతి: ఓపిక పట్టండి, కొంగకి ఇంకా ఆకలి తీరలేదు.