బట్టమేకకు కాళ్లెన్ని?

నతానియేలు సారుకు తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. ఒకవేళ ఉన్నా, తెలియదని చెప్పడం ఆయనకు చేతకాదు. కిందటేడు నంద్యాల నుంచి మూడో తరగతి పిల్లలను ఆళ్లగడ్డకు తీసుకుపోయి రాతి పని చూపించినప్పుడు, సగం చెక్కిన నంది తోకను పట్టుకుని ఇదే వినాయకుడి తొండమని పావుగంట పాఠం చెప్పాడు. ఉలి పట్టుకున్న ఆచారి ఓపిగ్గా అంతా విని, "సారు చెప్పినాక ఇంకేముందిలే, తొండమే చేస్తా" అన్నాడు.

ఇప్పుడు చెప్పేది ఎనభై మూడు నాటి సంగతి. జూన్ చివర్లో పాములపాడు నుంచి అత్తగారు సువార్తమ్మ కబురు పంపింది. వానలు దిగేలోగా మిద్దెకు చౌడు వెయ్యాలి, శనివారం అల్లుణ్ణి పంపమని. మట్టి మిద్దెకు ఏటా ఈ సేవ తప్పదు. పైన చౌడు మన్ను పరవకపోతే వాన బయట సగం, ఇంట్లో సగం కురుస్తుంది.

కిందటేడు నతానియేలు పద్నాలుగు గంపలు మోసి నిచ్చెనెక్కాడు. పదిహేనో గంపకు నడుము పట్టేసింది. వారం రోజులు చెయ్యి పైకి లేవక, పాఠాలన్నీ నల్లబల్ల అడుగు వరుసలోనే రాశాడు.

అందుకే ఈసారి బుర్రకు పదును పెట్టాడు. బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్క మీద "రోళ్లపాడు బీళ్లలో అరుదైన బట్టమేక" అని కనిపించింది. దాని తర్వాతి మాట "పిట్ట". ఆ ఒక్క మాటా నూనెలో నానిపోయింది.

"శనివారం కుదరదు దెబోరా. పిల్లోల్లకు బట్టమేకను చూపించేదానికి పోతాండా" అన్నాడు ఇంటికి రాగానే.

బియ్యం చెరుగుతున్న దెబోరా చేతిలో చాట ఆగింది. ఆమె చిన్నతనం గడిచింది ఆ బీళ్ల పక్కనే.

"అదెట్లుంటాది?"

"మేక మాదిరే. మెడకాడ బట్ట కట్టినట్టు మచ్చ ఉంటాది."

"కాళ్లెన్ని?"

"మేకకు ఎన్నుంటాయి? నాలుగు."

"పాలిస్తాదా?"

"పూటకు అర్ధసేరు."

దెబోరా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తవుడు గొంతులో పడిందని దగ్గింది. ఇంకేమీ అడగలేదు. పెళ్లయి తొమ్మిదేళ్లయినా, భార్య మాట్లాడకుండా ఊరుకుంటే భయపడాలన్న సంగతి నతానియేలు నేర్చుకోలేదు.

మూడు రోజులు బడిలో బట్టమేక పాఠం నడిచింది. బల్ల మీద గడ్డం, కొమ్ములు, మెడకు తువ్వాలుతో బొమ్మ వేశాడు. అమీర్‌బీ అనే పిల్ల లేచి, వాళ్ల నాయన వారం వారం సంతలో మేకలు కొంటాడనీ, ఈ రకం ఎప్పుడూ రాలేదనీ అంది. అందుకే దాన్ని అరుదైనదంటారు, కూర్చోమన్నాడు సారు.

హెడ్మాస్టరు సంజీవయ్య ఏది అడిగినా "చూస్తాంలే" అంటాడు. ఊళ్లో ఆయన పేరే చూస్తాంలే సంజీవయ్య. గురువారం దెబోరా మొగుడికి క్యారియర్ ఇచ్చే మిషతో బడికి వచ్చి, ఆడపిల్లలకు తోడుగా తాను వస్తాననీ, ముప్పైరెండు మంది పిల్లలకూ పాములపాడులో తన తల్లి వండి పెడుతుందనీ ఆయనకు చెప్పింది. సంజీవయ్య సర్వీసులో మొదటిసారి "సరేమ్మా" అన్నాడు.

పాములపాడు దారిలో లేదు కదా సార్ అని నతానియేలు గొణిగాడు.

"అన్నం యాడుంటే అదే దారి నతానియేలప్పా. ఈడ సంతకం పెట్టు" అని హెడ్మాస్టరు అనుమతి కాగితం ముందుకు తోశాడు. దిగులులో నతానియేలు చదవకుండానే సంతకం చేశాడు. ఇంటి నిండా పిల్లలుంటే అత్త చౌడు ఊసెత్తదులే అని తనకు తానే ధైర్యం చెప్పుకున్నాడు.

శనివారం పొద్దున్నే డ్రైవరు మదార్ వ్యాను రోళ్లపాడు బీడు పక్కన ఆగింది. మేకకు చెవులు చురుకని చెప్పి, సారు పిల్లలందరినీ గట్టు వెనక నిలబెట్టాడు. అంతలో గడ్డిలోంచి పిల్లలంత పొడుగు పిట్ట ఒకటి లేచి నిలబడింది. తెల్లటి మెడ, తలకు నల్లటి టోపీ. తనిఖీకి వచ్చిన తాసిల్దారులా మెడ నిక్కించి నడుస్తోంది.

"అది ఏదో కొంగ. దాన్ని పట్టించుకోవద్దు. మేక కోసం చూడండి" అన్నాడు నతానియేలు.

అక్కడ గొర్రెలు మేపుతున్న లింగమ్మ అనే ముసలామె అటే వచ్చింది. "బట్టమేకను చూసేదానికి వచ్చినారా? అదో, పోతాంది చూడండి" అని పిట్టకేసి చెయ్యి చూపింది.

ముప్పైరెండు తలలు పిట్టవైపు తిరిగాయి. తర్వాత సారువైపు తిరిగాయి. పిట్ట పరుగెత్తి రెక్కలు విప్పి గాల్లోకి లేచింది.

"సార్, మేక ఎగిరిపాయ" అంది అమీర్‌బీ.

నతానియేలుకు అంతా అర్థమైంది. సోమవారం నుంచి రిటైరయ్యేదాకా తన పేరు మేక సారు. ఆయనకు నిజంగా ఏడుపొచ్చింది. ఆ పిల్లల ముందు తెలివైనవాడుగా ఉండటం తప్ప ఆయనకు వేరే ఆస్తి లేదు.

దెబోరా నీళ్లిచ్చే వంకన దగ్గరికొచ్చి, చెవిలో అడిగింది. "ఎన్ని గంపలు?"

"దేనికి?"

"చౌడుకు."

"పది."

దెబోరా పిల్లలవైపు తిరిగి నోరు తెరవబోయింది.

"ఇరవై."

"మిద్దె పెద్దదయ్యా."

"సరే, అయ్యేదాకా మోస్తా. కాపాడు తల్లీ."

దెబోరా గొంతు సవరించుకుంది. "సారు మీకు పరీక్ష పెట్టినాడు పిల్లలూ. పేరు విని మేక అంటారో, కండ్లతో చూసి పిట్ట అంటారో అని. పేరును నమ్మొద్దు, కన్నును నమ్మండని చెప్పేదానికే ఇంత దూరం తెచ్చినాడు."

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె వాళ్లను కూర్చోబెట్టి, ఆ పిట్ట నేలమీదే గుడ్డు పెడుతుందనీ, అదీ ఒక్కటేననీ, అందుకే తన చిన్నప్పుడు నాయన ఈ గడ్డిలో అడుగు పెట్టనిచ్చేవాడు కాదనీ చెప్పింది. పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. తను మూడు రోజుల్లో చెప్పలేనిది ఈమె మూడు నిమిషాల్లో చెప్పిందని నతానియేలుకు కొంచెం కుళ్లు, చాలా గర్వం కలిగాయి. గర్వం పాములపాడు చేరేదాకా ఉంది.

అక్కడ చౌడు కుప్ప, నిచ్చెన, గంప, తలకు చుట్టుకునే గుడ్డ వరసగా ఎదురుచూస్తున్నాయి. అన్నాలయ్యాక దెబోరా అనుమతి కాగితం తీసి అందరికీ వినిపించింది. ఉదయం వన్యప్రాణులు. మధ్యాహ్నం మన ఊరి సంస్కృతి, మిద్దెకు చౌడు వేయు విధానం. చేసి చూపించువారు నతానియేలు మాస్టారు. కింద ఆయన సంతకం.

"ఇది గురువారమే రాయించినావా?" అన్నాడు నతానియేలు నీరసంగా. "మరి బీడులో ఆ బేరమెందుకు ఆడితివి?"

"కాగితంలో ఎన్ని గంపలని రాయలే కదా. పోయినేడు పద్నాలుగుకే పండుకుంటివి."

"బిరీన కానీ నాయనా, మబ్బు పడతాంది" అంది సువార్తమ్మ, గంప అల్లుడి తలకెత్తుతూ.

ఆయన మోస్తుంటే పిల్లలు గొంతెత్తి లెక్కపెట్టారు. మిద్దె పద్దెనిమిదికే నిండింది. కానీ మా పేరు మీద కూడా ఒక గంప మోయాలని ఒక్కొక్కరూ పట్టుబట్టడంతో లెక్క ముప్పైరెండుకు పోయింది. ఆఖరి గంప అమీర్‌బీది.

సాయంత్రం మదార్, ఇంకొకరూ చెరో రెక్కా పట్టి సారును వ్యానెక్కించారు. దెబోరా పక్కన కూర్చుని ఆయన నడుముకు కొబ్బరినూనె రాస్తూ మెల్లగా అడిగింది.

"ఇప్పుడు చెప్పు. బట్టమేకకు కాళ్లెన్ని?"

"రెండు" అన్నాడు నతానియేలు కళ్లు మూసుకుని. "దానికైనా ఉండాయి. నాకు అవీ లేవు."