సుజాతమ్మ షట్టర్ టీవీ అపహరణ

“చిక్కబళ్ళాపురం జిల్లాలో నా కంటినుంచి తప్పించుకునే నేరస్థుడు ఇంగా పుట్టలేదప్పా!” అని ప్రకటించాడు పురుషోత్తమ్. అప్పటికి అరగంటగా నా అంగడంతా తన కళ్ళజోడు కోసం వెతుకుతున్నాడు.

నాది బాగేపల్లిలో టీవీ రిపేరి అంగడి. పాత సెట్టు ఎక్కడ కనబడినా తెచ్చి ప్రాణం పోయడం నా పిచ్చి. పురుషోత్తమ్ నా మిత్రుడు. విత్తనాల అంగడిలో గుమాస్తా. తన లెక్కలో మహా డిటెక్టివ్.

2008 ఎండాకాలం. ఆ పొద్దు పాతపాళ్య నుంచి సుజాతమ్మ, ఆమె మొగుడు మునిశామప్ప వచ్చారు.

“ఆంజనప్పా! నేను పుట్టింటికి పోయొచ్చేలోపల నా షట్టర్ టీవీని, అదే, తలుపుల చెక్కపెట్టె టీవీని, దొంగలెత్తుకుపోయినారు. ఇరవై ఏండ్ల కింద పాల డెయిరీకి పాలు పోసి కొనింటి. నీతో బాగుచేపిచ్చుకుందామని దాచిపెట్టింటి,” అంటూ ఆమె కళ్ళు తుడుచుకుంది.

మునిశామప్ప నేల చూపులు చూస్తున్నాడు.

“అంతర్జాతీయ ముఠా!” పురుషోత్తమ్ బల్ల గుద్దాడు. “చింతామణిలో అమ్మేస్తాండారు. మునిశామప్పా, మీ మొగంలో నిజాయితీ ఉండాది. ఈ పొద్దు నుంచి మీరే నా అసిస్టెంటు!”

నిజాయితీ మొగానికి చెమటలు పట్టాయి.

కళ్ళజోడు లేకుండానే పురుషోత్తమ్ బస్సు బోర్డు చదివి మమ్మల్నందరినీ ఎక్కించాడు. దిగి చూస్తే చింతామణి కాదు, సాదలి!

“ముఠాని ఏమార్చే ఎత్తు ఇది,” అన్నాడు తొణక్కుండా.

దాహమై ఎదురుగా ఉన్న ఇంట్లోకి వెళ్ళాం. నీళ్ళ చెంబు అందుకోబోయి పురుషోత్తమ్ గడప తన్నుకుని, పట్టుపురుగుల తట్టల మీద బోర్లా పడ్డాడు. తట్టలు కూలాయి. వాటి కింద పరిచిన గోనెపట్టా జారింది. చెక్కపెట్టె, నాలుగు కాళ్ళు, ముందు జారుడు తలుపులు!

సుజాతమ్మ ఒక తలుపు పక్కకు లాగింది. లోపలి అంచున వరసగా అంటించిన బొట్టుబిళ్ళలు.

“నాదే! ఇవి నా బొట్లే!”

ఆ ఇంటాయన వెంకటేశప్ప, ఊళ్ళు తిరిగి పాత సామాన్లు కొనేవాడు. చప్పుడు విని వచ్చి, మునిశామప్పను చూసి నవ్వాడు.

“ఏమప్పా, టీవీకి బదులు నేనిచ్చిన రెండు బకెట్లూ బాగుండాయా?”

సుజాతమ్మ మెల్లగా మొగుడి వైపు తిరిగింది.

“నాకు మొదట్నుంచీ ఈయప్ప మీదే అనుమానం,” అన్నాడు పురుషోత్తమ్, జుట్టులోంచి పురుగులు ఏరుకుంటూ.

“రేపు లోపలి రాగితీగ కోసం పగలగొడదామనుకుంటినమ్మా. తీసుకుపోండి, నా బకెట్లు నాకిస్తే చాలు,” అన్నాడు వెంకటేశప్ప.

వారం తర్వాత సెట్టు బాగుచేసి పాతపాళ్యకు తీసుకెళ్ళాను. మునిశామప్ప మిట్టమధ్యాహ్నం మిద్దె మీద యాంటెన్నా తిప్పుతున్నాడు.

“వచ్చిందా?” అని పైనుంచి అరిచాడు.

బొమ్మ అద్దంలా వచ్చి పావుగంటయింది. సుజాతమ్మ నా చేతికి కాఫీ ఇచ్చి, తీరిగ్గా టీవీ ముందు కూర్చుంది.

“ఇంగా తిప్పు!”