మూడో మలుపు

శనివారం పొద్దున్న మోహిత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీ తినాలి, తను తయారు చేసిన కంప్యూటర్ ఆటను తనే ఆడాలి, ఆడుతుండగా తెర మీది బొమ్మను రికార్డు చేయాలి, అందులోంచి నిమిషం ట్రైలర్ కత్తిరించి సాయంత్రం ఆరులోగా భువనేశ్వర్‌లో జరిగే ఆటల పోటీకి పంపాలి. ఇంత తేలిక పనిని చెడగొట్టాలన్నా కొంత ప్రతిభ ఉండాలి. అది మోహిత్ దగ్గర దండిగా ఉంది.

ఆట పేరు ‘ఘాట్ కింగ్’. కొరాపుట్ నుంచి రాయగడకు కొండదారిలో బస్సు నడపాలి, అంతే. ఇంజనీరింగ్ చదివి ఇంట్లో కూర్చుని రెండేళ్లు దీన్నే చెక్కాడు. బస్సు మూడో మలుపు దగ్గర లోయలో పడుతుంది. ఎవరు నడిపినా పడుతుంది. "జనానికి ఆడటం రాదు" అనేవాడు మోహిత్. ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్లను చూశాం గాని, మద్దెల తనే చేసి, అది ఓడు కాదు, ఊళ్లోవాళ్ల చేతులే ఓడు అన్నవాణ్ణి సునాబెడ ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లోనే చూడాలి.

తండ్రి కూర్మారావు ఆ ఫ్యాక్టరీలోనే టెక్నీషియన్. ఇడ్లీ తింటూ ఆఖరి మాట చెప్పేశాడు.

"ఒరే, ఈ పోటీలో నీ ఆట తీసుకోపోతే సోమారం రాయగడ ఎల్లిపో. మీ బావ సిమెంటు కొట్లో కూకో. అర్థమయిందేటి?"

"తీసుకుంటారు నాన్నా. ట్రైలర్ చూస్తే కళ్లు తిరుగుతాయి."

"ట్రైలరంటే ఏటి? ఇంజన్లు మోసే లారీయా?"

సిమెంటు బస్తాల మధ్య కూర్చుని బిల్లులు రాయడం తలుచుకుంటేనే మోహిత్‌కు గొంతులో ఇడ్లీ అడ్డం పడింది. ఆ గండం తప్పించేది ఈ నిమిషం బొమ్మ ఒక్కటే.

తల్లి వరహాలమ్మకు రికార్డింగ్ అంటే ఏం తెలుస్తుందిలే అనుకున్నాడు. అందుకని ఆమె స్థాయికి దిగివచ్చి, "అమ్మా, నేను షూటింగులో ఉంటాను. ఎవరూ సప్పుడు సెయ్యకండి" అని, ముందు గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. ఆ తలుపుకు గడియ లేదు. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. లాప్‌టాప్ బ్యాటరీ చచ్చి చాలాకాలమైంది కాబట్టి ప్లగ్ పెట్టుకుని, రికార్డు బటన్ నొక్కాడు.

రాత్రి తన ముఖం తీసుకుని మురిసిపోయాక, రికార్డర్‌ను కెమెరా మీద నుంచి తెర మీదికి మార్చలేదు. మేధావులకు ఇలాంటివి గుర్తుండవు.

వరహాలమ్మ కొడుకు మాట తు.చ. తప్పకుండా పాటించింది. గోడవతల మిక్సీ వినబడగానే కేకేసింది.

"అప్పలకొండమ్మొదినా! మిక్సీ ఆపీ. మావోడు సూటింగు సేస్తన్నాడు."

"ఓలమ్మో, సూటింగే! ఎక్కడ?"

"మా ముందు గదిలోనే."

"ఈరోయిన్ వచ్చిందేటి?"

"నాకేటి తెల్సు వదినా? తలుపేసుకున్నాడు."

ఈ చివరి మాట చాలు. అది మిక్సీ కన్నా జోరుగా తిరిగింది. వరస చివరి క్వార్టర్ చేరేసరికి హీరోయిన్ వచ్చేసింది, ఆమెకు తల్లి వేషం వేసే మనిషి మాత్రం దొరకలేదట. బీరువాల్లోంచి కొట్పాడ్ నేత చీరలన్నీ బయటపడ్డాయి. ప్రతి ఇంట్లోనూ ఇస్త్రీ పెట్టె వేడెక్కింది.

మోహిత్‌కు ఇవేవీ వినిపించలేదు. బస్సు మూడో మలుపులో ఏడోసారి లోయలో పడినప్పుడు భుజం మీద ఎవరో తట్టారు. వెనక్కి తిరిగితే పట్టుచీర, పౌడరు, మల్లెపూలతో అప్పలకొండమ్మ.

"బాబూ, ఈరోయిన్ అమ్మ వేసం నాకియ్యి. ఏడుపు నాకు బాగా వస్తది."

"దానికేటి వస్తది!" అంది వెనకనుంచి వరస చివరి క్వార్టర్ రాజులమ్మ. "మొగుడు ఊరెల్తే నవ్వుతాది. నాకియ్యి నాయనా."

ఆ వెనక గుమ్మం దాకా జనం. వాళ్లలో బిశ్వజిత్ కూడా ఉన్నాడు. కాలనీకి కరెంటు పనులు చేసే ఒడియా మనిషి, మీసం దిద్దుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నిలబడ్డాడు. "మోతే పోలీస్ రోల్ దియ, భాయ్" అని పోలీసు వేషం అడిగాడు గంభీరంగా.

"ఇది సినిమా కాదండీ! గేమ్! ఎల్లిపోండి!" అని మోహిత్ అరుస్తుండగానే ఇస్త్రీ పెట్టెలన్నిటి పుణ్యమా అని వీధి ఫ్యూజు ఎగిరిపోయింది. లాప్‌టాప్ ఆరిపోయింది. తీసిందంతా పోయింది.

"బిశ్వజిత్, ఫ్యూజు వెయ్యి!" అన్నాడు మోహిత్ ఏడుపు గొంతుతో.

"లైన్‌లో నా జాగా పోతుంది" అన్నాడు బిశ్వజిత్.

ఎవరు చెప్పినా కదల్లేదు. మధ్యాహ్నం దాటింది, ఆరు దగ్గరపడుతోంది. అప్పుడు వరహాలమ్మ చెంగు బిగించి గదిలోకొచ్చింది.

"బిశ్వజిత్ బాబూ, నువ్వే ఇన్‌స్పెక్టరు. నీకు రెండు డైలాగులు. ముందు ఫ్యూజెయ్యి. నీ జాగాలో నానుంటాను. రాజులమ్మా, నువ్వు ముందు ఇస్త్రీ పెట్టె ఆపీసి రా, లేపోతే కొంప కాలిపోద్ది. వదినా, నువ్వు ఇటు పక్క. తల్లి వేసాలు రెండున్నాయి, సెరొకటి. అందరూ గోడకి ఆనుకోండి. మాటాడినోళ్లకి వేసం లేదు."

గది సద్దుమణిగింది. కరెంటు వచ్చింది. మోహిత్ మళ్లీ బటన్ నొక్కి, నాలుక బయటపెట్టి, బస్సును మళ్లీ మూడుసార్లు లోయలో పడేశాడు. వెనక వరహాలమ్మ వచ్చినవాళ్లను వచ్చినట్టు ఒక్క మాటతో గోడకి ఆనించి వరసలో నిలబెడుతూ, తోసుకున్నవాళ్లను చివరికి పంపుతూనే ఉంది. ఇక టైం లేదు. తీసినదాన్ని చూసుకోవడం చేతకానివాళ్ల పని అని అతని అభిప్రాయం. చూడకుండానే ఒక నిమిషం కత్తిరించి పోటీకి పంపాడు. అదే చేత్తో రాయగడలోని అక్క మొగుడు సూర్యానికీ పంపి, ‘చూడు బావా, నా స్థాయి’ అని రాశాడు.

ఆదివారం సాయంత్రం పోటీవాళ్ల జవాబు వచ్చింది. ‘మీ ట్రైలర్‌లో ఆట కనిపించలేదు. మీ ఇంట్లో శుభకార్యం మాత్రం బాగా జరిగినట్టుంది. అభినందనలు.’ అప్పుడు తెరిచి చూశాడు మోహిత్. బస్సు లేదు, కొండ లేదు. నిమిషమంతా తన ముఖమే. దాని వెనక తన తల్లి.

నిజంగానే ఏడ్చాడు. రెండేళ్ల పని ఎవరూ చూడనైనా చూడలేదు. కూర్మారావు అటక మీది ట్రంకు పెట్టె దింపాడు. అంతలో ఫోను మోగింది. రాయగడ నుంచి సూర్యం.

"వస్తన్నాను బావా" అన్నాడు మోహిత్. "రేపు పొద్దున్న బస్సుకే."

"నువ్వెందుకు? అత్తకియ్యి ఫోను."

"అమ్మకా?"

"నీ వీడియో నాలుగుసార్లు సూసేనురా. నా కొట్టు ముందు లారీవోళ్లు నాకు ముందంటే నాకు ముందని రోజూ కొట్టుకుంటారు. నా మాట ఒక్కడూ వినడు. అంతమందిని ఒక్క మాటతో గోడకి ఆనించింది అత్త! కౌంటర్లో ఆవిడ కూకుంటే సాలు. జీతం ఇస్తాను, తినడానికీ ఉండడానికీ కూతురిల్లే కదేటి."

"మరి నేను?"

"బటన్ ఏది నొక్కాలో తెలీనోడికి నా బిల్లుల కంప్యూటర్ ముట్టనిత్తానేటి? నువ్వక్కడే ఉండు. మావయ్యకి అన్నం ఎవరు ఒండుతారు మరి?"

కూర్మారావు మొహం ఆ రోజు మొదటిసారి పాలిపోయింది.

సోమవారం పొద్దున్న ట్రంకు పెట్టె మోసుకుంటూ మోహితే తల్లిని బస్సెక్కించాడు. వరహాలమ్మ కిటికీ పక్కన సర్దుకుని కూర్చుంది. "పప్పు కుక్కర్లో ఎట్టేను, మూడు కూతలకి దించీ. మళ్లీ సూటింగుంటే ముందు నాకు కబురెట్టు బాబూ" అంది.

బస్సు కొండదారి పట్టి, మూడో మలుపు కులాసాగా దాటి వెళ్లిపోయింది.