తలుపు చెక్కా టర్బో కారూ

ఆ ఉదయం పడకగది తలుపు గాలికి మరోసారి ధడాలున కొట్టుకుంది.

“తలుపు కింద పెట్టే చెక్క ఏదండీ? వారం నుంచి కనపడట్లేదు,” అంది భార్య, జుట్టు ముడివేసుకుంటూ.

“దానికి కాళ్లొచ్చాయేమో,” అన్నాడు అధ్యాపకుడు, పత్రిక వెనక నుంచి.

కళాశాలలో ఆర్థికశాస్త్రం బోధించే ఆయనకు అబద్ధమాడే అలవాటు లేదు. ఆడక తప్పనప్పుడు మాత్రం పత్రిక అడ్డం పెట్టుకునేవాడు. చెక్క ఎక్కడుందో ఆయనకు తెలుసు. అది కారులో, యాక్సిలరేటర్ పెడల్ కింద, జిగురుపట్టీతో అతుక్కుని, ఒక ఇంజన్ ప్రాణాన్ని కాపాడుతోంది.

కళాశాల మెట్ట మీద ఉంది. రోజూ ఆ ఎత్తు మధ్యలో ఒక పాలవ్యాను ఆయన కారును దాటిపోయేది. దాటిపోవడం వరకూ ఆయన సహించాడు. వ్యాను డ్రైవరు వెనక్కి తిరిగి, కాటికి కాళ్లు చాపిన వారిని పలకరించినట్టు, జాలిగా చెయ్యి ఊపడం మాత్రం సహించలేకపోయాడు. కార్లు బాగుచేసే షెడ్డు నడుపుకునే బావమరిదిని రహస్యంగా ఆశ్రయించి కారుకు, ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టే టర్బో పెట్టించాడు. రహస్యం ఎందుకంటే, ఆ బావమరిది ఒకప్పుడు అక్క వంటింటి మిక్సీని మెరుగుపరిచాడు. దాని మూత ఇప్పటికీ అటక మీదే ఉంది. ఇంట్లో ఏ యంత్రాన్నీ వాడు ముట్టరాదని ఆవిడ నాడే శాసించింది.

“గాలి దండిగా వస్తుంది బావా, కానీ పెట్రోలు పంపూ, ఇంజెక్టర్లూ పాతవే,” అని చెప్పాడు బావమరిది. “పెద్దవి తెప్పిస్తున్నా. వచ్చేదాకా సగానికి మించి తొక్కకు.”

“తొక్కితే?”

“పాత పంపు ఇవ్వగలిగింది అంతే కదా. గాలి ఎక్కువై పెట్రోలు చాలకపోతే లోపల వేడికి అంతుండదు. పిస్టన్లు మైనంలా కరిగిపోతాయి.”

“అనగా గిరాకీకి తగ్గ సరఫరా లేదన్నమాట!” అన్నాడు అధ్యాపకుడు ఆనందంగా. ఆ విషయం మీద ఆయన ఒక పాఠ్యపుస్తకమే రాశాడు.

చెక్క తన కోసం కాదు. తనకు నిగ్రహముంది. అది భార్య కాలి కోసం. ఆవిడ ఫిజియోథెరపిస్టు, రోగుల ఇళ్లకు వెళ్లి చికిత్స చేసే కొత్త ఉద్యోగంలో మర్నాడే చేరాలి, చేరాలంటే లైసెన్సు ఉండాలి. డ్రైవింగు పరీక్ష ఆవిడ అంతకుముందు రెండుసార్లు తప్పింది. మొదటిసారి పరీక్షాధికారి కళ్లజోడు వెనకసీట్లో దొరికింది. రెండోసారి ఆయన మధ్యలోనే దిగి నడిచి వెళ్లిపోయాడు. నేడు మూడో ప్రయత్నం.

పక్కన భర్తను కూర్చోబెట్టుకుని ఆవిడ బయలుదేరింది. వీధి మలుపు తిరగగానే బానెట్‌లోంచి సన్నగా ఈల వినిపించింది.

“ఏంటండీ ఆ ఈల?”

“అద్దం సందులోంచి గాలి,” అని, దానికి సాక్ష్యంగా అధ్యాపకుడు తన వైపు అద్దం దించి తల బయటికి పెట్టాడు. సరిగ్గా అప్పుడే ఒక స్కూటరు పక్కకు వచ్చింది. ఇంజన్ మరోసారి, ఇంకాస్త భావగర్భితంగా, ఈల వేసింది.

తర్వాతి సిగ్నల్ దగ్గర స్కూటరు మీది యువతి హెల్మెట్ పైకెత్తింది. “అంకుల్, మా నాన్న వయసుంటుంది మీకు. సిగ్గుండక్కర్లా?”

పచ్చదీపం వెలిగింది. స్కూటరు వెళ్లిపోయింది.

“ఈల వేసింది మీరా?” అంది భార్య.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. టర్బో సంగతి చెబితే ఆవిడ అక్కడికక్కడే కారు ఇంటికి తిప్పుతుంది. పరీక్షా పోతుంది, ఉద్యోగమూ పోతుంది.

“నేనే,” అన్నాడు అధ్యాపకుడు. తన దాంపత్యంలో ఆయన మొదటిసారి ఒప్పుకున్న తప్పు, చేయనిది.

ఆ తరువాత నోటికి బదులు ఆవిడ కాలు మాట్లాడింది. కానీ ఎంత అదిమి తొక్కినా పెడల్ సగం దాటి దిగలేదు. చెక్క పరువు నిలబెట్టింది.

“కారు నీరసంగా ఉందే,” అని మాత్రం గొణిగింది.

పరీక్షా మైదానంలో అధ్యాపకుడు మంచినీళ్లు తేవడానికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి పరీక్షాధికారి, కళ్లజోడుకు తాడు కట్టుకుని, కారులో కూర్చుని ఉన్నాడు. భార్య కిటికీలోంచి తన చేతిసంచీ అందించింది.

“ఇది పట్టుకోండి. మన తలుపు చెక్క దొరికిందండీ! కాళ్ల కింది పట్టా దులుపుతుంటే పెడల్ కింద అతుక్కుని ఉంది. నిజంగానే కాళ్లొచ్చాయి దానికి.”

కారు కదిలింది. అధ్యాపకుడు సంచీ తెరిచి చూశాడు. చెక్క నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉంది.

“సగం! సగమే తొక్కు!” అని అరుస్తూ ఆయన పరుగెత్తాడు. కాపలావాడు అడ్డం తిరిగి, చెయ్యి పట్టుకుని గేటు బయటికి తెచ్చాడు. “పాఠాలు ఇంట్లో చెప్పుకోవాలి సార్.”

అధ్యాపకుడు వెంటనే బావమరిదికి ఫోన్ చేశాడు. “ఒరేయ్, చెక్క నా చేతిలో ఉంది!”

“అక్క కాలు ఎక్కడుంది బావా?”

“పెడల్ మీద. ముందు ఏటవాలు దిబ్బ ఎక్కించాలి.”

“అక్క కోపంగా లేదు కదా?”

“నేను ఎవరో అమ్మాయిని చూసి ఈల వేశానని కోపంగా ఉంది.”

“ఇంజన్ సంగతి దేవుడెరుగు బావా. నువ్వు మాత్రం అక్కడ నిలబడకు.”

అయినా ఆయన గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. కారు దిబ్బ మధ్యలో ఆగింది. ఒక్క అంగుళమైనా వెనక్కి జారలేదు. ఆపై చీమ బెల్లంముక్కను మోసుకెళ్లినంత ఓపికగా పైకి ఎక్కి, అవతలికి దిగింది. పరీక్షాధికారి కళ్లజోడు ముక్కు మీదే ఉంది.

“ఇంత నిదానమైన కాలు నేనెప్పుడూ చూడలేదమ్మా,” అంటూ ఆయన సంతకం పెట్టాడు.

“ఎలా నిగ్రహించుకున్నావే?” అన్నాడు అధ్యాపకుడు, కారు గేటు దాటి బయటికి రాగానే.

“కారుకి వంట్లో బాగాలేదు కదండీ. నీరసంగా ఉన్న రోగిని మెట్లెక్కిస్తూ వెనక నుంచి తోస్తామా?” అని, ఆవిడ కాస్త ఆగింది. “దిబ్బ మీద కూడా ఈల వినపడింది. అప్పుడు మీరు గేటు బయట ఉన్నారు.”

ఆయన పత్రిక కోసం చుట్టూ చూశాడు. దొరకలేదు.

“ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం,” అంది ఆవిడ.

ఆయనకు మధ్యాహ్నం పాఠం ఉంది. తనను కళాశాల దగ్గర దించి ఆవిడ కారు ఇంటికి తీసుకెళ్లేటట్టు ఒప్పందమైంది. ఆవిడ కొత్త ఉద్యోగం వారికి ఫోన్లో శుభవార్త చెబుతుండగా, మెట్ట దాకా ఆయనే నడిపాడు. గండం గడిచింది, లైసెన్సు వచ్చింది, పిస్టన్లు క్షేమం. అంతకంటే హాయిగా ఆయన ఏనాడూ స్టీరింగ్ పట్టుకోలేదు.

ఎత్తు మధ్యలో, వెనక నుంచి ఖాళీ క్యాన్ల చప్పుడు వినిపించింది. పాలవ్యాను కారు పక్కకు వచ్చి, ముందుకు పోయింది. డ్రైవరు వెనక్కి తిరిగాడు. చెయ్యి ఊపాడు.

అధ్యాపకుడి కాలు సగం దగ్గర చెక్క కోసం వెతికింది. చెక్క లేదు. కాలు అడుగంటా వెళ్లింది.

ఆ కాసేపు ఆయన జీవితంలోకెల్లా ఉజ్జ్వలమైనది. సీటు వీపును తన్నింది. వ్యాను వెనక అద్దంలో అగ్గిపెట్టెంత అయింది. డ్రైవరు ఊపుతున్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. తరువాత బానెట్ కింద ఎవరో ఇనప డబ్బాలో గులకరాళ్లు ఆడించారు. ఈల ఆగింది. ఇంజనూ ఆగింది. కారు తెల్లని పొగ మధ్య నిలబడింది.

పాలవ్యాను తాపీగా వచ్చి పక్కన ఆగింది. “తాడుందా సార్? లేకపోతే నా దగ్గరుంది,” అన్నాడు డ్రైవరు, ఎంతో మర్యాదగా.

భార్య ఫోన్ పెట్టేసి, పొగను చూసి, భర్తను చూసింది. సంచీలోంచి చెక్క తీసి ఆయన ముందు పెట్టింది.

“ఇది ఎవరి కాలి కోసం పెట్టారండీ?”

ఇరవై ఏళ్లుగా ప్రశ్నలకు జవాబులు చెప్పి జీతం తీసుకుంటున్న మనిషి కారు దిగి, తాడు అందుకోవడానికి వ్యాను వైపు నడిచాడు.

మర్నాడు ఆవిడ తమ్ముడి కారులో ఉద్యోగానికి వెళ్లింది. అది కంపెనీలో తయారైనప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. “నా బండి మీద ప్రయోగాలేంటక్కా,” అన్నాడట వాడు. అధ్యాపకుడు పాలవ్యానులో, క్యాన్ల మధ్య, మెట్ట ఎక్కాడు. అది ఎవరినో దాటినప్పుడు ఆయన కూడా చెయ్యి ఊపాడు.

పడకగది తలుపు మాత్రం ఆ రోజు నుంచి కొట్టుకోలేదు.